తోడెత్తమ్మ వెలసిన ఉప్పుకనుమ

పూర్వం కళింగసీమలో, ఒకవైపు సముద్రమూ మరొకవైపు కొండలూ ఒరుసుకుని ఉన్న సన్నని నేలమీద, తెల్లమళ్ళు అనే గ్రామంలో ఉప్పు పండించడమే జీవనాధారంగా గల జనం నివసించేవారు. సముద్రజలాన్ని మడులలోకి మళ్ళించి, సూర్యుని వేడికి అది ఇగిరి తెల్లగా పేరుకున్న తరువాత చెక్కపలకలతో పోగుచేయడం పురుషుల పని. ఆ ఉప్పును గంపలకెత్తి, ఈదులకొండ కనుమ దాటి, అవతలి సంతలో కొండజనానికి ఇచ్చి బదులుగా ధాన్యమూ చింతపండూ తెచ్చుకోవడం స్త్రీల పని. ఉప్పు అక్కరలేని ఊరు భూమండలంలో లేదు గనుక వారికి పనికి ఏనాడూ కొదవ లేదు. అంత పని చేసినవారికి కడుపు నిండిందా అంటే, ఆ సంగతి పెద్దలెవరూ మనకు చెప్పిపోలేదు.

కనుమ ఎక్కే ఉప్పుగంపకు ఆ ఊళ్ళో రెండు నియమాలుండేవి. గంప తలమీదికి ఎక్కింది మొదలు సంత చేరేదాకా నేలను తాకరాదన్నది ఒకటి: ఉప్పు సముద్రుని సొమ్ము, చేరవలసినది కొండతల్లి సన్నిధికి, నడుమ నేలమీద పెట్టితే ఇద్దరికీ ఆగ్రహం కలుగుతుందని నమ్మకం. కొండ ఎక్కేటప్పుడు మాటలాడరాదన్నది రెండవది: అక్కడి ఊపిరి కొండతల్లిదట, దాన్ని సొంత గోడుకు ఖర్చుచేస్తే తల్లి సహించదట. వీటి వెనుక కొంత లోకజ్ఞానమూ లేకపోలేదు. తడినేలమీద దించిన ఉప్పు చెమ్మగిల్లుతుంది, కబుర్లాడుతూ ఎక్కేవారికి ఆయాసం వస్తుంది. అయితే తరాలు గడిచేసరికి జరిగినదేమిటంటే, వరసలో నడిచే ప్రతి స్త్రీ తన ముందున్నదాని నిటారైన వీపును చూసి, మెడ విరిగేంత నొప్పి తనకొక్కదానికే ఉన్నదనుకునేది. ఆ ముందు నడిచేదీ తన ముందున్నదాన్ని చూసి సరిగ్గా అలాగే అనుకునేది.

ఆ వరసలో గవరమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త నీలయ్య మడి పనిలో దిట్ట. మితభాషి, సౌమ్యుడు, పొరుగువారి గట్టు తెగితే పిలవకుండానే వెళ్ళి మన్ను వేసి వచ్చే మనిషి. అటువంటివాడికి ఒక ఏడు, కారణం ఇదీ అని చెప్పడానికి లేకుండా, మనసు చెదిరింది. మొదట నిద్ర పోయింది, ఆపైన ఆకలి పోయింది. పలక చేతపట్టుకుని గట్టుమీద నిలబడి, పొద్దు వాలేదాకా నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయేవాడు. చివరకు ఒకనాడు, అగ్నిసాక్షిగా చేపట్టిన భార్యనే ఎవరివని అడిగాడు.

తెల్లమళ్ళలో మనసు చెదిరినవారిని గాలి సోకినవారని అనేవారు. ఆ గాలి ఊరికి అంటుకోకుండా, అటువంటివారిని శ్మశానం పక్కనున్న గుడిసెలో విడిచి రావడం ఆచారం. వారానికోసారి ఎవరో కాస్త అంబలి దూరాన పెట్టి వచ్చేవారు. ఆ గుడిసెకు వెళ్ళిన మనిషి తిరిగి వచ్చిన దాఖలా లేదు. అందుచేత గవరమ్మ, తన పెనిమిటి దూరపు రేవులో ఓడ పనికి కుదిరాడని ఊరంతా చెప్పుకుని, అతణ్ణి ఇంట్లోనే దాచింది. ప్రతి ఉదయమూ కుండలో అంబలీ ముంతలో నీళ్ళూ అతని చేరువన పెట్టి, తలుపు మూసి బయట అడ్డకర్ర వేసి, గంప ఎత్తించుకుని కొండకు పోయేది. సాయంకాలం లోపలినుంచి మూలుగు వినబడితే, అది పొరుగింటికి చేరకుండా గొంతెత్తి పాడుతూ వడ్లు దంచేది. చూసేవారు దీని సంబరం చూడండే అని నవ్వుకునేవారు. ఆమె కూడా వారితో కలిసి నవ్వేది.

దుఃఖం అందరికీ ఉంటుంది, కాని దాచవలసిన దుఃఖం వేరు. లోకంలో ఇంతమంది ఇల్లాళ్ళుండగా ఈ గతి నాకొక్కదానికే పట్టింది, నేనేదో మహాపాపం చేసి ఉంటాను అన్న తలంపు గవరమ్మను భర్త రోగం కంటే ఎక్కువగా కుంగదీసింది. గుడికి పోతే దేవుడు తనవైపు చూడడంలేదనిపించేది. పండుగనాడు ఎవరైనా పసుపుకుంకుమలిస్తే అందుకోకుండా తప్పుకునేది.

ఇలా ఉండగా ఒకనాటి వేకువన ఆమె అంబలి కలిపి నోటికందిస్తే నీలయ్య కుండను విసిరికొట్టాడు. ఆపైన భార్య రెండు భుజాలూ పట్టుకుని, కళ్ళనీళ్ళతో, "మా గవరమ్మ ఏదీ? దాన్నేటి సేసినావు? ఎక్కడ దాసినావు?" అని దీనంగా అడిగాడు.

తిట్టినా కొట్టినా భరించగలిగిన మనిషి ఈ మాటకు నిలవలేకపోయింది. తన కోసమే ఏడుస్తూ తననే పరాయిదానిగా చూసే ఆ కళ్ళను ఇక చూడలేననుకుంది. మళ్ళీ అంబలి కలిపి, ఎప్పటిలాగే చేరువన పెట్టి, తలుపు మూసి అడ్డకర్ర వేసింది. కనుమ నెత్తిన దారి రెండుగా చీలుతుంది. ఒకటి సంతకు పోతుంది, మరొకటి పడమటి దేశాలకు పోతుంది. ఆ రెండవ దారి పట్టిపోయి ఇక తిరిగి రాకూడదని నిశ్చయించుకుంది. తాను రాకపోతే ఆ తలుపు తీసేవారెవరూ లేరని ఆమెకు తెలియదనుకోకండి, తెలుసు. తెలిసే బయలుదేరింది, అంతగా విరిగిపోయింది ఆ తల్లి.

వరసకు ముందు బోడెమ్మ అనే వృద్ధురాలు నడిచేది. ఆమె ఉప్పుగంపల స్త్రీలకు పెద్ద. నియమం తప్పినవారిని కంటిచూపుతోనే కాల్చేదని పేరు. గవరమ్మ ఆనాడు కావాలనే అందరికంటే వెనుక నడిచింది. దారి చీలే చోటికి వచ్చేసరికి ముందున్నవారు మలుపు తిరిగిపోయారు. పడమటి దారిన అడుగు వేయబోయి ఆగింది. తలమీది ఉప్పు ఊరిది, దాన్ని తనతో పట్టుకుపోతే దొంగతనమవుతుంది. దించుదామంటే ఆచారం అడ్డు. మొగుణ్ణి చావుకు వదిలి పోతున్నదానికి ఉప్పు నేల తాకితే ఏమని మనబోటివారికి తోస్తుంది గాని, మనిషి మనసు అలాగే పనిచేస్తుంది, పెద్ద పాపానికి తెగించినవారు చిన్న తప్పుకు జంకుతారు. చాలాసేపు అలా నిలబడి, చివరకు మోకాళ్ళమీద కూలబడి గంపను నేలమీదికి దించింది.

పిడుగు పడలేదు, కొండ కదలలేదు. మెడమీద బరువు తీరేసరికి, అన్నాళ్ళుగా బిగబట్టిన ఏడుపు మాత్రం ఒక్కసారిగా బయటపడింది. కొండల్లో శబ్దం ఊరికే పోదు. మలుపు అవతల వరస చివరన నడుస్తున్న సన్నమ్మ అనే ఆవిడ ఆ ఏడుపు విని, తలమీద గంపతోనే వెనక్కు తిరిగి వచ్చింది.

నేలమీదున్న గంపను చూసి సన్నమ్మ నిర్ఘాంతపోయింది. "ఒలమ్మో, దించీసినావేటే! బోడెమ్మ సూస్తే సంపేస్తాది," అంది, కొండమీద మాటలాడరాదన్న సంగతి తానూ మరచిపోయి.

"సంపనీ," అంది గవరమ్మ. "నానింక ఇంటికి రాను. ఓడ పనికెల్లినాడని సెప్పినాను గదా, అబద్దం. ఇంట్లోనే ఉన్నాడు. మడిసి మడిసిలో నేడు, నన్నే ఆనవాలు పట్టడు. తలుపేసి, అడ్డకర్రేసి వొచ్చినాను. నా లాటి పాపిష్టిది ఈ బూమ్మీద ఇంకోతి ఉంటాదేటి సెప్పు?"

సన్నమ్మ తానూ మోకాళ్ళు వంచి తన గంపను గవరమ్మ గంప పక్కనే దించింది. దించి, చెమటతో తడిసిన తలమీది చుట్టకుదురును చేతిలో నలుపుతూ చెప్పింది. "నా పెద్ద గుంటని సుట్టాలింటికి పంపినానని సెప్పుకుంటన్నాను గదా. యాడకీ పంపనేదు. దానికి మూర్చలొస్తాయి. పడిపోయి పొయ్యిలో సెయ్యి కాల్సుకున్నాది. అప్పట్నించీ మెత్తటి గుడ్డతో రాటకి కట్టీసి వొస్తన్నాను. దినామూ అదే పని. నాకొక్కదానికే అనుకున్నానే గవరమ్మా. నీ నవ్వు సూసి, దీని బతుకే బతుకు అనుకునేదాన్ని."

అప్పుడు గవరమ్మ తన ఏడుపు మాని సన్నమ్మ ముఖం చూసింది. ఏళ్ళ తరబడి ఆ మనిషి వీపు చూస్తూ కొండ ఎక్కింది గాని, ముఖాన్ని ఇలా ఎన్నడూ చూడలేదు. భర్త రోగం ఆ క్షణంలో అణువంతైనా తగ్గలేదు, ఇంటి తలుపుకు వేసిన కర్ర వేసినట్టే ఉంది. అయినా గుండెమీదినుంచి ఏదో పక్కకు జరిగి, గాలి లోపలికి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో ఎంత హాయి ఉన్నదో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు.

వరస తెగిందని గమనించి బోడెమ్మ తక్కిన స్త్రీలను వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. నేలమీద గంపలు చూసి ఆమె ముఖం జేవురించింది. ఊరు మునుగుతుందనీ ఉప్పు పండదనీ శాపనార్థాలు మొదలుపెట్టింది. గవరమ్మ భయపడలేదు. లేచి నిలబడి, సన్నమ్మకు చెప్పినదంతా ఆమెకూ చెప్పి, "గుడిసెకి పంపిస్తావో, నన్నే సంపేస్తావో నీ ఇష్టం అప్పా. మొయ్యలేకపోతన్నాను," అంది.

బోడెమ్మ తిట్లు నోట్లోనే ఆగిపోయాయి. ఆమె తన గంపను తానే దించింది. వయసు మళ్ళిన శరీరం గనుక దించుతూ తూలితే పక్కవారు పట్టుకున్నారు.

"నానైతే దాసుకోనేదు," అంది ఆమె, ఎవరివైపూ చూడకుండా. "మా ఆయనకిలాగే అయితే, ఆచారం గదా అని నా సేత్తోనే సెయ్యి పట్టుకుని గుడిసెకి నడిపించినాను. సంతకే అనుకుని నవ్వుకుంటా వొచ్చినాడు. తిరిగొచ్చీసినాను. ఊరంతా నన్ను మెచ్చుకున్నాది. ఇంట్లో ఉంచుకోవొచ్చని ఆ రోజు నాకొక్కలూ సెప్పనేదే. దాసుకున్నోలు ఉన్నారని తెలిస్తే నానూ దాసుకుందును."

ఆ మాట విన్న తరువాత తల ఎత్తి నిలబడగలిగినవారు లేరు. ఒకరి తరువాత ఒకరు గంపలు దించారు. ఒకామె పుట్టినప్పటినుంచీ మంచం దిగని కొడుకు సంగతి చెప్పింది, మరొకామె తాగి వచ్చి తనను బాదే అన్న సంగతి చెప్పింది. వినేవారెవరూ ఉపాయం చెప్పలేదు, ధైర్యం చెప్పలేదు. ఎవరి కథ ముగిసినా రెండవవారు తమ కథ చెప్పారు, అంతే. కొండతల్లి ఊపిరి ఆనాడు ఎంత ఖర్చయిందో లెక్కలేదు.

పొద్దెక్కుతున్నది, సంత చేరాలి. గవరమ్మ తన గంప ముందుకు వచ్చి నిలబడి, "నానూ మీతో వొస్తాను. సాయంత్రానికి ఇంటికెల్లాలి," అంది. నేలమీది ఉప్పుగంపను ఒంటరిగా తలకెత్తుకోవడం ఎవరి తరమూ కాదు. ఇద్దరు పట్టి ఆమె తలమీదికి ఎత్తారు. అలా ఒకరికొకరు ఎత్తుకుంటూ పోగా చివరకు బోడెమ్మ ఒక్కతే మిగిలింది. తలమీద నిండుగంప ఉన్నవారు నేలదాకా వంగలేరు, వంగితే ఉప్పంతా ఒలికిపోతుంది.

"మీరు పదండమ్మా," అంది బోడెమ్మ. "ఇక్కడే కూకుంటాను. నాకెత్తడానికి ఎవులు మిగల్తారు? నాను సేసిన దానికి ఇదే సరి."

ఆమె నోట ఆ మాట వచ్చిన క్షణాన పక్కనుంచి ఒక స్త్రీ వచ్చి గంప అంచు పట్టుకుంది. ఎవరు, ఎటునుంచి వచ్చింది అన్నది ఎవరూ సరిగా చూడలేదు, తలమీద బరువున్నవారు చటుక్కున పక్కకు తిరగలేరు గదా. బోడెమ్మ మాత్రం ఆమె చేతులు చూసింది. దేవతల చేతులు తామరరేకుల్లా ఉంటాయని మనం వర్ణించుకుంటాం. ఆ చేతులు ఉప్పునీటికి పగిలి, గోళ్ళ సందున తెల్లగా పేరుకుని, అచ్చం తన చేతుల్లాగే ఉన్నాయని బోడెమ్మ బతికినంతకాలం చెప్పింది. గంప ఎప్పుడు తలమీదికి వచ్చిందో తెలియలేదు. కుదురు సర్దుకుని కృతజ్ఞతతో మెల్లగా ఒళ్ళంతా తిప్పి చూస్తే, అక్కడ స్త్రీ లేదు. దారి చీలే చోట, ఆడమనిషి రొమ్ముల ఎత్తున, అంతకుముందు ఏనాడూ లేని ఒక నల్లని శిల నిలబడి ఉంది. దాని నెత్తి బల్లపరుపుగా ఉంది.

ఆ సాయంకాలం స్త్రీలందరూ గవరమ్మతో కూడా ఆమె ఇంటికి వచ్చారు. ఆమె అందరి ఎదుటా అడ్డకర్ర తీసి అవతల పారవేసింది. నీలయ్య మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దుటి అంబలి ముట్టలేదు. ఇంతమందిని చూసి బెదిరి, "మా గవరమ్మ గాని మీకు కనిపించినాదేటమ్మా?" అని వారిని అడిగాడు. "కనిపించినాది బాబూ, వొచ్చేత్తంది," అని సన్నమ్మ అతని పక్కన కూర్చుంది. గవరమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కబురు దావానలంలా పాకింది. కులపెద్ద నలుగురు మగవారిని వెంటబెట్టుకుని, గాలి సోకినవాణ్ణి గుడిసెకు తరలించాలని వచ్చాడు. బోడెమ్మ గడపమీద కూర్చుని ఉంది, లేవలేదు.

"నా మొగుణ్ణి ఒగ్గీసి వొచ్చిన నాడు మీరు నన్ను మెచ్చుకున్నారు బాబూ," అంది. "ఆ మెప్పు నన్ను ఒక్క నాడూ నిదర పోనివ్వనేదు. ఈడి సెయ్యి పట్టుకోవాలంటే నన్ను తొక్కీసి లోపలికెల్లండి."

పెద్ద ముందుకు అడుగు వేయబోయాడు. ఇంతలో సన్నమ్మ లేచి తన ఇంటికి వెళ్ళి, రాటకు కట్టిన గుడ్డ విప్పి, కూతుర్ని చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించుకుని వచ్చి బోడెమ్మ పక్కన గడపమీద కూర్చోబెట్టింది. పిల్ల వెలుతురుకు కళ్ళు చికిలించింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. మంచం దిగని కొడుకును అతని తల్లీ తండ్రీ మంచంతోనే మోసుకుని వచ్చి వీధిలో దించారు. ఆపైన మరొక తలుపు, వెనుక వీధిలో ఇంకొకటి తెరుచుకున్నాయి. దాచిన మనుషులు ఇంతమంది ఉన్నారని ఆ ఊరికి ఆనాడే తెలిసింది. కులపెద్ద తన ఇంటివైపు ఒకసారి తిరిగి చూశాడు. ఎందుకు చూశాడో ఎవరూ అడగలేదు. వెంట వచ్చినవారిని వెళ్ళిపొమ్మని సైగచేసి తానూ వెళ్ళిపోయాడు. శ్మశానం పక్క గుడిసెకు ఆపైన ఎవరూ తాటాకు కప్పలేదు, అది ఒక వానకాలంలో కూలిపోయింది.

అమ్మ మహిమవల్ల నీలయ్య రోగం కుదిరిందని చెబితే వినడానికి సొంపుగా ఉంటుంది, కొందరు అలాగే చెబుతారు కూడా. కాని పెద్దల మాట ప్రకారం కుదరలేదు. కొన్ని నెలలు మడికి పోయి పలక పట్టేవాడు, కొన్ని నెలలు మూల వదిలేవాడు కాడు. గవరమ్మ కొండకు పోయిన రోజున ఎవరో ఒకరు వచ్చి అతని దగ్గర కూర్చునేవారు, ఇంటి తలుపు తెరిచే ఉండేది. ఆమె మాత్రం ఆ తరువాత మూలుగు మూయడానికి పాడలేదు. పాడాలనిపించినప్పుడు పాడింది.

కనుమలో నిలిచిన ఆ శిలకు ఉప్పుగంపల స్త్రీలు పసుపు పూసి తోడెత్తమ్మ అని పేరుపెట్టుకున్నారు. ఈదులకొండ కనుమ ఉప్పుకనుమగా ప్రసిద్ధికెక్కింది. ఆ సన్నిధికి గోడలూ తలుపులూ నేటికీ లేవు, కడదామన్నవారిని ఊరివారు కట్టనివ్వలేదు. మాఘమాసంలో జరిగే ఉప్పుగంపల పండుగకు ఎక్కడెక్కడివారో వస్తారు. అక్కడ మొక్కు అమ్మతో చెప్పుకోకూడదు. గంపను నేలమీద దించి, పక్కన ఉన్న ముక్కూమొహం తెలియనివారితో చెప్పుకోవాలి. విన్నవారు ఓదార్పు మాటలు పలకకూడదు, తమ కష్టం తాము చెప్పాలి. ఆపైన ఒకరి గంప ఒకరు తలకెత్తి ఎవరి దారిన వారు పోవాలి. వచ్చినవారి రోగాలు నయమవుతాయని అక్కడి పూజారిణులు ఎన్నడూ చెప్పరు.

పండుగ కాని రోజుల్లో, కనుమలో నరసంచారం లేని వేళ ఒంటరిగా వచ్చేవారూ ఉంటారు. వారు తమ గంపను శిల నెత్తిన దించి, కాసేపు ఆ నల్లని రాతితోనే తమ గోడు చెప్పుకుని, దాని పక్కన మోకాళ్ళు కాస్త వంచి, గంపను అంచుదాకా లాగి దాని కిందికి తల చేర్చి మెల్లగా లేస్తారు. బరువంతా మళ్ళీ తలమీదికి వచ్చేటప్పుడు, పగిలిన అరచెయ్యి ఒకటి వీపుకు ఆనినట్టు గరుకుగా తగులుతుందట.